సరంగు పోలయ్య తాడు

ఈ బేరానికి దిగేనాటికి సంగాని తాతారావు చేతిలో ఉన్న సరుకు బహు తక్కువ. మూడు మూరల పాత మోకు తాడు ముక్క ఒకటి. ఆ ముక్క గురించి ఇంట్లో ఆడవాళ్ళు తప్ప ఎవరూ నమ్మని కథ ఒకటి. అంతే. పోగొట్టుకోవడానికి మాత్రం చాలా ఉంది. విశాఖపట్నం ఆసుపత్రిలో ఎనిమిదో నెల కడుపుతో, పక్కకు ఒత్తిగిలడానికి కూడా వీల్లేకుండా ఒక్కగానొక్క కూతురు నూకరత్నం పడుకుని ఉంది.

కాకినాడ జగన్నాథపురంలో తాతారావుది తాళ్ళు, వలలు, లంగర్లు అమ్మే కొట్టు. తాడు చుట్ట కొనేటప్పుడు అతను పైకొస చూడడు. పైకొస ఎప్పుడూ బాగానే ఉంటుంది. చుట్ట మధ్యలోకి చెయ్యి దూర్చి, లోపలి కొస లాగి, వాసన చూసి అప్పుడు ధర అడుగుతాడు. "అవతలి కొస చూడకుండా కొన్నవాడు సముద్రంలో తేల్తాడు" అని కొట్టుకొచ్చిన ప్రతి కుర్రాడికీ చెబుతాడు. ఆ మాట తనకే ఎదురు తిరుగుతుందని అప్పటికి తెలియదు.

డాక్టరమ్మ విషయం దాచకుండా చెప్పింది. మాయ గర్భసంచి గోడకు అతుక్కుపోయింది. ఆపరేషన్ చేస్తే రక్తం ధారగా పోతుంది. పోయినది పోయినట్టు ఎక్కించాలి. కానీ రత్నం రక్తం మామూలు గ్రూపుల్లో దేనికీ కలవదు.

"దేశమంతా వెతికించాం. కలిసింది మీది ఒక్కటే. మీ దగ్గర ఒక సంచి తీశాం, ఈ వయసులో మళ్ళీ ఇప్పట్లో తియ్యను. కనీసం ఇంకో మూడు సంచులు లేకుండా నేను కత్తి పట్టుకోలేను" అంది.

"మా ఇంట్లోనే ఎందుకొచ్చిందమ్మా ఈ రక్తం?"

"కొన్ని వంశాల్లో అలా దాక్కుని ఉంటుంది. మేనరికాలు చేసుకునేవాళ్ళలో బయటపడుతుంది. మీ నాన్నగారి వైపు ఇంకెవరూ లేరా?"

అన్న ఉండేవాడు, పోయాడు. ఇవతలి ఒడ్డున ఇంకెవరూ లేరు.

లోపల రత్నం నవ్వింది. "నీ కొట్లో కూడా దొరకని సరుకు నా ఒంట్లో పెట్టావు కదా నాన్నా."

"మాట్లాడకుండా పడుకోవే."

ఆమె అతని వేలు పట్టుకుని మూడుసార్లు లాగింది. అతను రెండుసార్లు లాగాడు. అది వాళ్ళింటి చదువు. పడవ మీదివాడు నీళ్ళలోకి దిగినవాడి తాడును మూడుసార్లు కుదిపితే "ఉన్నావా?" అని. కిందివాడు రెండుసార్లు కుదిపితే "ఉన్నాను" అని. సంగానివాళ్ళ పిల్లలు అమ్మా నాన్నా అనడానికి ముందే ఇది నేర్చుకుంటారు. రత్నం చిన్నప్పుడు కొట్టు అటక మీద పడుకుని, కిందికి తాడు వదిలి, తండ్రి బేరాల మధ్య కుదుపుతూ ఉండేది. ఎంత పెద్ద ఖాతాదారు ఎదుట ఉన్నా తాతారావు జవాబివ్వక తప్పేది కాదు.

ఇవతల లేకపోతే అవతల ఉండాలి. ఆ రోజు సాయంత్రమే కాకినాడ వెళ్ళి, దేవుడి గూట్లోంచి మోకు ముక్క తీశాడు.

అది తాతారావు తాతకు తాత, సరంగు పోలయ్యది. కోరంగి రేవు నుంచి దోనె నడిపినవాడు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. సరంగు కొత్త సముద్రానికి బయలుదేరే నాడు లంగరు మోకు చివర ఆరు మూరలు కోసి, రెండు చేసి, ఒక ముక్క భార్యకు ఇచ్చి, ఒకటి తన వెంట తీసుకుపోయేవాడు. తిరిగొచ్చాక గుమ్మంలోనే రెండు ముక్కల పేటలూ విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి అతుకు వేసిన తర్వాతే ఇంట్లో అడుగుపెట్టాలి. పోలయ్య బర్మా వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. మునిగిపోయాడని ఊరంతా అంది. భార్య మాత్రం బొట్టు తుడుచుకోలేదు. ప్రతి అమావాస్యకు, సముద్రం పోటెక్కే వేళ, ముక్కను రెండు చేతుల్లోకి తీసుకుని మూడుసార్లు కుదిపి కళ్ళకద్దుకునేది. ఆమె తర్వాత కోడళ్ళు, మనవరాళ్ళు, ఇప్పుడు తాతారావు భార్య. ఎందుకో ఎవరికీ తెలియదు, మానిందీ లేదు.

విశాఖలో కొండవాలు మీద రేకుల షెడ్డులో డాక్టర్ అరుంధతి ప్రయోగశాల ఉంది. ఆమె తాతారావు కొట్టుకు పాత ఖాతాదారు. మునిగిపోయిన ఓడలను వెతికే పని ఆమెది. ఓడ తాడులో ఒక ముక్క ఏ రేవు గోదాములోనో దొరికితే చాలు, మిగతా తాడు సముద్రం అడుగున ఎక్కడుందో ఆమె యంత్రం చెబుతుంది.

"నమ్మకపోతే ఇది పట్టుకోండి" అంది. అతని కొట్లోనే కొన్న కొత్త తాడు ఒక జానెడు కోసి, సగం యంత్రంలో బిగించి, సగం అతని చేతికిచ్చి, వాకిట్లోకి పంపింది. కాసేపటికి అతని చేతిలో ముక్క గోరువెచ్చనై, పట్టిన చేప తోక ఆడించినట్టు కొట్టుకుంది. తాతారావు ఉలిక్కిపడి వదిలేశాడు.

"ఒకే పురిలో పేనిన పీచు, కోసినా విడిపోదండి" అంది అరుంధతి గుమ్మంలో నిలబడి. "దూరంతో పని లేదు. ఉప్పునీళ్ళు తాగిన పాత తాడైతే మరీ గట్టి. ఇక్కడ ఒక మూర కాలిస్తే, జత ఎక్కడుందో ప్రాంతం తెలుస్తుంది. ఇంకో మూర కాలిస్తే ఇల్లే తెలుస్తుంది."

"కాలిస్తే గాని తెలియదా?"

"జత కదలకుండా పడి ఉంటే కాల్చాల్సిందే. ఎవరైనా పట్టుకుని కదుపుతుంటే ఆ కదలికే చాలు, కాల్చనక్కర్లేదు. సముద్రం అడుగున కదిపేవాళ్ళెవరుంటారు?"

మర్నాడే మొదలుపెడదామంది ఆమె. తాతారావు ఒప్పుకోలేదు. "ఎల్లుండి అమావాస్యండి. ఆనాటి పోటు వేళ తప్ప ఆ తాడును ఎవరం కుదపం. మా ఇంటి రివాజు." ఒక్కరోజే కదా అని ఆమె సరేనంది.

అమావాస్య ఉదయం, పోటు నిండే వేళకు, యంత్రంలో మొదటి మూర నీలం మంటతో కాలి బూడిదైంది. తెర మీద బంగాళాఖాతం కనిపించింది. దానికి తూర్పున, బర్మా ఒడ్డున, ఒక పెద్ద నది సముద్రంలో కలిసే చోట, నూనెచుక్కలాంటి మరక తేలింది.

"మౌల్మీన్" అంది అరుంధతి. ఆమె గొంతులో ఆశ్చర్యం. "నీళ్ళలో లేదండి! పొడిగా ఉంది. చెక్క ఇంట్లో ఉన్నట్టుంది."

తాతారావు తెర దగ్గరికి జరిగాడు. పోలయ్య మునగలేదు. అంతకంటే పెద్ద సంగతి, తాడు ఇన్నేళ్ళు పొడిగా ఉందంటే ఎవరో దాన్ని దాచుకుంటూ వస్తున్నారు. ఎవరో ఉన్నారు. అతను దేవుడికి దణ్ణం పెట్టబోయి ఆగాడు. వ్యాపారి బుర్ర ఒక మాట దగ్గర చిక్కుకుంది.

"అమ్మా, మీరు ఇదివరకు కాల్చిన తాళ్ళ జతలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి కదా?"

"అవును."

"పొడిగా ఉన్న జత ఇదే మొదటిదా?"

అరుంధతి బల్ల సొరుగు లాగింది. మొన్నటి కొత్త తాడు ముక్కల కోసం వెతికింది. ఒకదాన్ని బల్ల మీద పెట్టి, రెండోదాన్ని యంత్రంలో బిగించి, ఈసారి వెచ్చన దగ్గర ఆపకుండా మంట దాకా పోనిచ్చింది. బల్ల మీది ముక్కలో నీలం మంట భగ్గున లేచింది. ఆమె చన్నీళ్ళు గుమ్మరించింది. తాడు పోయింది. బల్ల చెక్క మీద నల్లటి చార మిగిలింది.

ఆమె వేలితో ఆ చారను తడిమింది.

"నీళ్ళలో ఆరిపోయేది కాబట్టి నాకు ఎప్పుడూ తెలియలేదు" అంది ఆమె. "అక్కడ, ఆ చెక్క ఇంట్లో..."

తాతారావు మనసు ఇంకా ముందుకు వెళ్ళింది. పోలయ్య తాడు తీసుకుపోయాడు. తాడుతో పాటు రివాజూ తీసుకుపోయి ఉంటాడు. అమావాస్య, పోటు వేళ. ఏడాది పొడుగునా ఆ తాడు గూట్లో చల్లగా పడి ఉండే రోజులు బోలెడన్ని ఉన్నాయి. ఎవరో ఒకరు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకునే వేళ ఏరి కోరి, పట్టుబట్టి, తనే నిప్పు పెట్టించాడు. అవతలి కొస చూడలేదు.

అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రత్నానికి నెత్తురు కనిపించింది. ఆగిందిగాని, మళ్ళీ వస్తే ఆపలేమన్నారు. మూడు రోజులు ఆగితే గొప్ప అన్నారు.

"రెండో మూర పెట్టండి" అన్నాడు తాతారావు.

"పెట్టను."

"ఇల్లు కాలితే ఇల్లు కట్టిస్తానండి. నా కొట్టు అమ్మైనా కట్టిస్తాను."

"ఇంట్లో మనుషులుంటే? వాళ్ళను ఏ కొట్లో కొనిస్తారు?"

"నా కూతురు మనిషి కాదా మరి!"

అరుంధతి యంత్రం తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. గుప్పిట విప్పలేదు. తాతారావు ఆ గుప్పిటి వంక చూశాడు. లాక్కోవడం కష్టం కాదని లెక్క వేసుకున్నాడు కూడా. ఆ లెక్క వేసినందుకు తనమీద తనకే అసహ్యం వేసి, బయటికి నడిచాడు.

రత్నం మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. "దొరికారా?" అంది.

"ఊరు దొరికింది."

"ఏదో దాస్తున్నావు. బేరంలో ముంచినప్పుడు పెట్టే మొహం పెట్టావు."

చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "నా కోసం ఎవరి కొంపో అంటిస్తావా నాన్నా? వాళ్ళూ మనవాళ్ళేనంటున్నావు కదా. రేపు ఆ రక్తం నాకెక్కిస్తే ఒంట్లో ఉంటుందా అది?"

అతను ఆమె దుప్పటి సర్దాడు. భయం వేసినట్టుంది, ఆమె అతని వేలు మూడుసార్లు లాగింది.

తాతారావు అలవాటుగా రెండుసార్లు లాగి, లాగిన చేతినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూరకుండానే పరిగెత్తాడు.

"మంట వద్దమ్మా" అన్నాడు షెడ్డు గుమ్మంలోంచే. "మొన్న నా చేతిలో ఆడించారే, అలా చాలు. ఆగి ఆగి, మూడుసార్లు. ఎవరైనా కదిపితే కాల్చనక్కర్లేదన్నారు కదా? మావాళ్ళయితే కదుపుతారు."

"వాళ్ళకు గుర్తుంటుందా? ఎన్ని తరాలైంది!"

"అమావాస్య నాకు గుర్తు లేదా?"

కదపడానికీ ఖర్చు ఉంది. ప్రతి కుదుపుకూ నాలుగు వేళ్ళంత తాడు మంట లేకుండా పిండై రాలుతుంది, అక్కడా ఇక్కడా. మరీ పొట్టిదైపోతే యంత్రం పట్టుకోదు. వేళను తాతారావే కుదిర్చాడు: పోటు నిండేటప్పుడు. తాడు దగ్గర మనిషంటూ ఉంటే అప్పుడే ఉంటారు.

మొదటి పోటుకు మూడు కుదుపులు పంపారు. అవతలి కదలికను చూపించే గీత తెర మీద చదునుగా పడి ఉంది. రెండో పోటుకు మళ్ళీ పంపారు. గీత కదల్లేదు. యంత్రంలో మిగిలినదాన్ని చూసి, ఇంకొక్కసారికి తప్ప రాదంది అరుంధతి. భయపడి పారేసి ఉంటారా? కాలిపోయిన ఇంటి బూడిదలో పడి ఉందా? ఆసుపత్రి ఫోను మోగినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి దానివంక చూసేవారు.

మూడో పోటు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఒకటి. రెండు. మూడు. పిండి రాలింది.

గీత చదునుగానే ఉంది. అరుంధతి మీట వైపు చెయ్యి చాచింది. "ఉండండి" అన్నాడు తాతారావు. "కిందివాడికి ఊపిరి తీసుకోవడానికి కాసేపు పడుతుంది."

గీత ఒకసారి లేచి పడింది. ఆగింది. మళ్ళీ లేచింది. బలం లేని, వంకర కుదుపులు. రెండంటే రెండే.

తెర మీది నూనెచుక్క ముడుచుకుని, ముడుచుకుని, ఒక వీధిలో ఒక ఇంటి మీద నిలిచింది. అరుంధతి ఏడుస్తూనే ఆ వీధిలోని తెలుగువాళ్ళ రామమందిరం నంబరు పట్టుకుంది. పూజారి ఫోను చేతబట్టుకుని ఆ ఇంటికి నడిచాడు.

"ఎవరోల్లు మీరు?" ముసలి గొంతు. తెలుగే, కాని తాతారావు నాయనమ్మ మాట్లాడిన తెలుగు. "తాడు కుదిపింది మీరేనా?"

"మేమేనండి. కోరంగి సంగానివాళ్ళం. సరంగు పోలయ్య..."

"ఆ మారాజు పేరే నాకెట్టారు. పోలమ్మంటారు నన్ను." ఆమె గొంతు ఫోనుకు దగ్గరైంది. "అమాస నాడు కళ్ళకద్దుకుంటంటే తాడు భగ్గుమంది. దెయ్యం పట్టిందని మా కోడలు నీళ్ళకుండలో పడేసింది. ఏట్లో పారేద్దారని ఊరంతా గోల. నేనే ఒద్దన్నాను. నిన్న కుండలో నీళ్ళు ఎగిరిపడ్డాయంట, కోడలు సెప్పింది. ఇయ్యాల నేనే ముందు కూకున్నాను. మూడుసార్లు ఎగిరినాయి. ఎడం సేత్తో లాగాను నాయనా, అందుకే గట్టిగా రాలేదేమో."

"ఎడం చేత్తో ఎందుకండి?"

"కుడిది కాలిపోయింది కదా."

తాతారావు ఫోను రెండో చేతికి మార్చుకున్నాడు. అరుంధతి అతని వంకే చూస్తోంది. పిడుగు పడిందనవచ్చు. తెలియదనవచ్చు. మూడు సంచుల రక్తం ఈమె నోటిమాట మీద ఉంది. సరుకు చేతికి రాకముందు లోపం ఒప్పుకున్న వ్యాపారి ఎక్కడైనా ఉన్నాడా? కాని ఆ రక్తం రత్నం ఒంట్లోకి వెళ్ళాలి.

"కాల్చింది నేనే" అన్నాడు. "తెలియక కాల్చాను. మిమ్మల్ని వెతకడానికి కాల్చాను." తర్వాత కూతురి సంగతి చెప్పాడు. రక్తం సంగతి చెప్పాడు. ఎక్కడా ఆపకుండా, ఒక్క మాట తగ్గించకుండా.

ముసలామె తిట్టింది. ఆ తిట్లలో సగం తాతారావు యాభై ఏళ్ళుగా వినని తిట్లు.

"సెప్పకుండా ఎత్తుకుపోడం మీ సంగానోళ్ళకి పుట్టుకతో వొచ్చిందేనట్రా! ఆ పోలయ్య పెళ్ళాంతో సెప్పకుండా ఇక్కడ ఇంకో కాపరం ఎట్టాడు. నువ్వు నాతో సెప్పకుండా నా సెయ్యట్టుకుపోయావు. ఏటి, ఇంకా పోన్లోనే ఉన్నావా? అమ్మికి ఎన్నో నెల?"

"ఎనిమిదో నెలండి."

"అండీ గిండీ ఎందుకురా, అక్కని. ఒరే, పిల్లలందర్నీ పిలండి, ఆసుపత్రికి పోవాలి."

ఆ వీధి తెలుగువాళ్ళు తరతరాలుగా మేనరికాలే చేసుకున్నారు. పరీక్ష చేస్తే ముగ్గురి రక్తం కలిసింది: పోలమ్మ కొడుకుది, మనవడిది, కుండలో తాడు పడేసిన కోడలిది. మూడు సంచులూ మంచుపెట్టెలో విమానమెక్కి, రంగూన్ మీదుగా, కలకత్తా మీదుగా, రత్నానికి రెండోసారి నెత్తురు మొదలైన గంటకు ఆసుపత్రి మెట్లెక్కాయి. డాక్టరమ్మ అప్పటికే చేతులు కడుక్కుంటోంది. నాలుగు సంచులూ అయిపోయాయి. ఆడపిల్ల పుట్టింది. రత్నం మూడో రోజుకు కళ్ళు తెరిచి, నీళ్ళు అడక్కుండా, తండ్రి వేలి కోసం వెతికింది.

వానాకాలం వెళ్ళాక పోలమ్మ కాకినాడ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. "అతుకెయ్యకుండా ఎలా వస్తాన్రా లోపలికి?" అంది. కుడిచెయ్యి చీర చెంగులో దాచుకుంది. తాతారావు చూడాలని అడగలేదు, ఆమే తీసి చూపించింది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, మూసుకున్న చిప్పలా ఉన్నాయి. ఆమె తాళ్ళు పేని బతికిన మనిషి.

"ఆపరేసను సేత్తే ఇచ్చుకుంటాయంటన్నారా?"

"ఇక్కడి డాక్టర్లు రెండు వేళ్ళు రావచ్చన్నారక్కా. పట్టు మాత్రం రాదంట."

"పోన్లే, నిన్ను కొట్టడానికి ఎడం సెయ్యుంది."

రెండు కొసల్లోనూ జానెడు జానెడు మిగిలింది. అతుక్కి అంతకంటే తక్కువైతే పనికిరాదు. పోలమ్మ ఎడంచేత్తో తన కొస పట్టుకుంది. రత్నం రెండో కొస పట్టుకుంది. తాతారావు గుమ్మంలో గొంతుక్కూర్చుని పేటలు విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించాడు. జీవితంలో ఎన్నో అతుకులు వేసినవాడు, ఆ వేళ రెండుసార్లు తప్పు వేసి విప్పాడు.

నెల తిరిగాక ఆమె తిరుగు ప్రయాణం కట్టింది. వెళ్ళే ముందు కత్తి అడిగి, అతుకును సరిగ్గా నడిమికి కోయించింది. ఒక ముక్క కొంగున ముడివేసుకుంది. అమావాస్య నాడు ఎవరు అడిగినా అరుంధతి యంత్రం తాళం తియ్యదు, అది ఆమె గోడ మీద రాసి పెట్టుకున్న మొదటి నియమం.

లాభనష్టాలు తేల్చమంటే తాతారావు ఇప్పటికీ ఒక చోట ఆగిపోతాడు. వచ్చినవి చెప్పగలడు. కూతురు ఉంది. పోలమ్మ పేరు పెట్టుకున్న మనవరాలు ఉంది. సముద్రం అవతల తిట్టే అక్క ఉంది. మునిగిపోయాడనుకున్న పోలయ్యకు ఊరూ వీధీ ఇల్లూ దొరికాయి. పోయినవాటిలో మోకు సంగతి లెక్కలోకి రాదు. ఆ కుడిచెయ్యి మాత్రం ఎన్ని రాబడులు పక్కన పెట్టినా కొట్టివేతకు రాదు. అందుకని దాన్ని అలాగే ఉంచాడు, తీరిందని ఎక్కడా అనుకోలేదు.

ఇక చేతిలో మిగిలింది అతుకు వేసిన తాడు, జానెడు కన్నా తక్కువ. అందులో సగం పేటలు వాళ్ళవి, సగం తనవి. ఏది ఎవరిదో తాళ్ళ వ్యాపారి వేళ్ళకు కూడా తెలియడం లేదు.